తప్పు మాంట్రియల్‌లో, మొట్టికాయ పుణెకు

సంపాదకుడు గారికి,

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' వీడియో గేము రీమేక్, అంటే పాత ఆటనే కొత్త హంగులతో మళ్లీ తయారుచేయడం, రద్దయిందన్న వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. అదే రోజు రాయడానికి కూర్చున్నాను. "పేపరుకు ఉత్తరాలు రాసేవాళ్లు ఇంకా ఉన్నారా నాన్నా" అని మా అబ్బాయి నవ్వేసరికి కలం మూసేశాను. నిన్న సాయంత్రం మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే మళ్లీ అదే కాగితం, అదే వార్త, నూనె మరకల మధ్య. ఇక ఆగలేకపోయాను.

నా గోడంతా ఆ వార్త చివరి పేరా గురించే. ఉబిసాఫ్ట్ వంటి పెద్ద ఫ్రెంచి కంపెనీ ఆ గేమును తన పుణె, ముంబయి స్టూడియోల చేతిలో పెట్టడమే కొంప ముంచిందని, మనవాళ్లకు అంతటి పని ఎక్కడ చేతనవుతుందని అర్థం వచ్చేలా ముగించారు. రాసినాయన ఆ ఆట ముఖం ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం. చూసి ఉంటే వార్త పక్కన పేకముక్కల బొమ్మ పడేది కాదు.

నేను చూశాను, ఆడాను కూడా. 1994లో బ్రాడీపేటలో ఒక మేడమీది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. చెప్పులు గుమ్మం బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి. ఫాక్స్‌ప్రో నేర్చుకుంటానని నాన్న ఫీజు కట్టారు. సారు టీ తాగడానికి మెట్లు దిగిన మరుక్షణం మేం ఫ్లాపీ దూర్చేవాళ్లం. తెల్లబట్టల కుర్రాడు అరవై నిమిషాల్లో రాకుమార్తెను విడిపించాలి. షిఫ్టు మీట నొక్కిపట్టుకుంటే గుంట అంచుదాకా ఒక్కొక్క అడుగే వేస్తాడు. తొందరపడి పరిగెత్తించామా, నేలలోంచి ఇనుప మేకులు లేచి గుచ్చేసేవి. గోడ అంచు పట్టుకుని వేలాడుతూ ఒళ్లు పైకి లాక్కునేటప్పుడు వాడి బరువు మన చేతులకు తెలిసేది. ఆ ఆట సృష్టికర్త జోర్డన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, దాన్ని ఫ్రేము ఫ్రేముగా చూసుకుంటూ ఆ బొమ్మలు గీశాడట. 1989లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చిన ఆట అది. అప్పటికి ఉబిసాఫ్ట్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. 2003లో 'సాండ్స్ ఆఫ్ టైమ్' పేరుతో ఆ పేరును మళ్లీ నిలబెట్టిన ఘనత మాత్రం కెనడాలోని ఉబిసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో వాళ్లదే, కాదనను.

ఇక మీ వార్త దాటేసిన తేదీలు చెబుతాను. ఆ 'సాండ్స్ ఆఫ్ టైమ్'కే రీమేక్ చేస్తున్న సంగతి 2020 సెప్టెంబరులో ప్రకటించారు. ట్రైలర్ చూసి జనం పెదవి విరిచారు, నేనూ విరిచాను. ఆ ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. 2021 జనవరిలో విడుదల అన్నది మార్చి అయింది, ఆ తర్వాత తేదీయే లేకుండా పోయింది. 2022 మేలో ఆ పనిని పుణె, ముంబయిల నుంచి తీసేసి మాంట్రియల్‌కు ఇచ్చారు. 2026లో వస్తుందని 2024లో ఒక టీజర్ వదిలారు. 2026 రానే వచ్చింది. జనవరిలో ఇంకో అయిదు గేములతో కలిపి దీన్నీ చాప చుట్టేశారు. అంటే అసలు గేము తయారుచేసిన స్టూడియో చేతిలోనే ఇది మూడేళ్ల ఎనిమిది నెలలు ఉంది. లెక్క మీరే చూసుకోండి.

అదే మాంట్రియల్ స్టూడియో 2014 నవంబరులో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' గేము విడుదల చేసింది. పెద్ద తెర మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు. ముఖం మీద చర్మం ఉండదు. గాలిలో రెండు కనుగుడ్లు, ఒక పళ్ల వరుస, పైన నీటుగా దువ్విన జుట్టు! లోకమంతా నవ్వింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుని, చేసిన తప్పుకు పరిహారంగా అదనపు భాగాన్ని ఊరికే ఇచ్చింది. కెనడావాళ్లకు గేములు చేయడం రాదని అప్పుడు ఎవరైనా రాశారా? అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ.

1986లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో గిల్‌మో అన్నదమ్ములు అయిదుగురు పెట్టిన కంపెనీ ఇది. 'రేమన్' ఇచ్చింది, 'అసాసిన్స్ క్రీడ్' ఇచ్చింది. తర్వాత తనను తానే కాపీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోపురం ఎక్కు, మ్యాపు తెరుచుకుంటుంది, దాని మీద ఆవాలు చల్లినట్టు గుర్తులు, గడ్డి బండిలోకి దూకు, ఇంకో గోపురం ఎక్కు. ఊరు మారుతుంది, శతాబ్దం మారుతుంది, గోపురం మాత్రం మారదు. మొదటిసారి ఎక్కినప్పుడు గుండె ఝల్లుమంది. ముప్ఫయ్యోసారి మెట్లెక్కి కరెంటు బిల్లు కట్టొచ్చినట్టుంది.

2017లో ప్రకటించిన 'స్కల్ అండ్ బోన్స్' 2024 ఫిబ్రవరికి గానీ ఒడ్డు చేరలేదు. భారీ ఖర్చుతో తీసే గేములను 'మూడు ఏల' (AAA) గేములంటారు. దీన్ని మాత్రం ఆ అన్నదమ్ముల్లో ఒకరైన, కంపెనీ అధిపతి ఇవ్ గిల్‌మో గారు 'నాలుగు ఏల' గేము అన్నారు. మిగతా లోకం మూడు ఏలతో సరిపెట్టుకుంటోంది మరి. 'ఎక్స్‌డిఫయంట్' 2024 మేలో వచ్చింది, 2025 జూన్‌కి మూతపడింది. ఈ మధ్యలో నిజంగా బాగున్నది ఒకటుంటే అది ఫ్రాన్స్‌లో ఉబిసాఫ్ట్‌దే అయిన మాంపెలియె స్టూడియోవారి 'ది లాస్ట్ క్రౌన్', అదీ ప్రిన్స్ కథే. మెచ్చుకోళ్లు వచ్చాయి. ఏడాదైనా తిరక్కుండా ఆ జట్టును విడదీసి తలో పనికీ పంపేశారు. 2018లో నూరు యూరోలు దాటిన షేరు ఇప్పుడు పదిలోపు పడి ఉంది. పేరున్న మూడు గేములను వేరే సంస్థ కింద పెట్టి, అందులో పాతిక శాతం చైనా కంపెనీ టెన్సెంట్‌కు 116 కోట్ల యూరోలకు ఇచ్చారు. ఇవన్నీ పుణె కుర్రాళ్లు చేశారా?

ఇదే కంపెనీ 'ది క్రూ' సంగతి మరీ దారుణం. డబ్బిచ్చి కొన్న కార్ల పందెం గేము. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒక్కడే కూర్చుని ఆడుకుందామన్నా నడవదు. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సు కూడా లాగేసుకున్నారు. పుస్తకం అమ్మినవాడు పదేళ్లకు ఇంటికొచ్చి అల్మారాలోంచి పట్టుకుపోతే ఊరుకుంటామా? యూరప్‌లో జనం ఊరుకోలేదు. ఇలాంటివాటికి అడ్డుకట్ట వేయాలని పెట్టిన వినతికి 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి.

సర్వర్లంటే గుర్తొచ్చింది. మొన్న ఒక ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఏ కార్యాలయమో చెప్పను, అన్నీ ఒకటే. "సర్వర్ డౌనండీ, రేపు రండి." మూడోసారి కంప్యూటర్ ఆన్ చేయకుండానే అన్నాడాయన. వెనకటికి రిజిస్టరు తిరగేసి అయిదు నిమిషాల్లో సంతకం పెట్టి ఇచ్చేవారు. సర్వరే సరిగా నడవని చోట, రాష్ట్రమేదైనా, ఏ పార్టీవాళ్లొచ్చినా గేమింగ్ హబ్ అంటూనే ఉంటారు. తెలంగాణలో 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ పాలసీ అని తెచ్చారు. ప్రకటించిన రోజు ఫొటోలు వేయడానికి పత్రికలకు చోటుంటుంది. ఆ రంగంలో పనిచేసే పిల్లలు ఏం చేస్తున్నారో, ఎవరి తప్పుకు ఎవరు మాట పడుతున్నారో రాయడానికి ఉండదు. డబ్బు పెట్టి ఆడే పేకాట వేరు, వీడియో గేము వేరు అని 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా తేడా చూపించింది. మీ పేజీలు కూర్చేవారికి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

సవరణ వేస్తారని ఆశ లేదు. ఒకవేళ వేస్తే, పెళ్లిసంబంధాల కాలం అడుగున చీమతలంత అక్షరాలతో కాకుండా, వార్త వచ్చిన పేజీలోనే వేయండి. పేకముక్కలు తీసేసి తెల్లబట్టల కుర్రాడి బొమ్మ పెట్టండి. దొరక్కపోతే మా అబ్బాయి పంపిస్తానంటున్నాడు. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఈ ఉత్తరం టైపు చేసి మీకు మెయిల్ పెట్టింది వాడే.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
గుంటూరు