సోమవారం నుంచి పైథాన్ కొత్త బ్యాచ్

అందరికీ నమస్కారం. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మన ఆఫీసులోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష క్లాసులు. ఒక మాట ముందే చెబుతున్నాను, ఉద్యోగం గ్యారంటీ అని మేం చెప్పం. ఒకప్పుడు ఆ మాట నమ్మి, అమ్మ గాజులు తాకట్టు పెట్టి వేరేచోట ఫీజు కట్టాను. మూడు నెలలకే తాళం వేసేశారు. అందుకే ఇక్కడ ఫీజు నెలనెలా కడితే చాలు.

నేర్పేది పగలంతా క్లయింట్ల పని చేసే మనవాళ్లే. నిన్న బొబ్బిలి చెల్లెమ్మ, బిల్లులో జీఎస్టీ పైసా తేడా వస్తోందని రాత్రి ఎనిమిదిదాకా కూర్చుంది. దశాంశ సంఖ్యల్ని దాదాపుగా మాత్రమే దాచుకునే ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు కదా, వాటిని ఉన్నదున్నట్టు లెక్కించే డెసిమల్‌కి మార్చాక లెక్క కుదిరింది. క్లయింటు గమనించనేలేదు. అయినా తనే ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పింది. మీ మొదటి క్లాసు ఆమెదే.

ల్యాప్‌టాప్ లేదని టెన్షన్ పడకండి, ఆఫీసులో రెండున్నాయి.