వార్షిక నివేదిక 2025: గడిచిన ఏడాది, రాబోయే వసంత పండుగలు

సభ్యులందరికీ నమస్కారం.

2025లో మన సంఘం ఈ డల్లాస్ ప్రాంతపు క్యాంపస్‌లో ఉగాది, బతుకమ్మ, దీపావళి జరిపింది. ఆగస్టులో కొత్త విద్యార్థులను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చి మొదటి వారం బస చూపించే పని ఎప్పటిలాగే సాగింది. బతుకమ్మ, దీపావళి సవ్యంగా జరిగాయి. ఉగాదికి మాత్రం మూడు లోపాలు జరిగాయి. భోజనాల వరుస గంట దాటినా తరగలేదు, పచ్చడి చేదెక్కింది, హాలు అప్పగించాల్సిన వేళ మించిపోయింది. మూడింటికీ కారణాలు కూర్చుని తేల్చుకున్నాం. ఈ నివేదికలో సింహభాగం వాటికే.

ముందు తేదీల సంగతి. 2025లో ఇండియాలో ఉగాది మార్చి 30 ఆదివారం. డల్లాస్ కాలమానంలో అమావాస్య 29వ తేదీ ఉదయం ఆరింటికే వెళ్లిపోయింది, సూర్యోదయానికి పాడ్యమి వచ్చేసింది. అంటే ఇక్కడ పండుగ శనివారమే. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యాలెండర్ చూసినవాళ్లు ఆదివారం అనుకున్నారు. ఇకపై తేదీలన్నీ డల్లాస్‌కు గణించిన పంచాంగం చూసే ప్రకటిస్తాం. 2026లో ఈ తేడా లేదు. పరాభవ నామ సంవత్సర ఉగాది అక్కడా ఇక్కడా మార్చి 19 గురువారమే. అయితే అది మన వసంత సెలవుల వారం, హాస్టళ్లు సగం ఖాళీగా ఉంటాయి. అందుకే ఆ రోజు పంచాంగ శ్రవణం ఒక్కటే ఆన్‌లైన్‌లో పెట్టి, ఉగాది, శ్రీరామనవమి కలిపి మార్చి 28 శనివారం హాలులో జరుపుతాం. నవమి ఇక్కడ 26 గురువారం వస్తోంది.

పంచాంగ శ్రవణం 19న మన ఉదయం 8.30కి, ఇండియాలో సాయంత్రం 7.00కి. మార్చి 8న ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కనుక, అప్పటి నుంచి ఇండియాకూ మనకూ తేడా పదకొండున్నర గంటలు కాదు, పదిన్నర. చదివే సిద్ధాంతిగారికి ఈ సంగతి ముందే చెప్పాం. పన్నెండు రాశుల ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు పూర్తిగా చదివితే గంట పడుతుంది. అవి పట్టికగా ముందే పంపి, చదివే సమయాన్ని 25 నిమిషాలకు కుదించాం.

హాలు వైశాల్యం 4,500 చదరపు అడుగులు. అగ్నిమాపక లెక్కలో బల్లలు, కుర్చీలు వేస్తే మనిషికి 15 చదరపు అడుగులు, కుర్చీలు మాత్రమే అయితే 7. అంటే బల్లలతో 300 మంది, బల్లలు లేకుండా 640 దాకా. వేదిక, వడ్డన బల్లలు ఆక్రమించే చోటు ఇందులోంచే పోతుంది. తలుపు పక్కన రాసి ఉన్న సంఖ్యే చివరి మాట. అందుకే పాసులు 300కే ఆపుతున్నాం, పసిపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. బుకింగ్ కార్యక్రమం జరిగే వేళకు మాత్రమే చేయడమే గత ఏడాది చేసిన తప్పు. ఈసారి ఉదయం 11 నుంచి రాత్రి 9 వరకు తీసుకున్నాం. అలంకరణకూ సౌండ్ పరీక్షకూ మూడు గంటలు, సర్దడానికి గంటన్నర పోను కార్యక్రమానికి మిగిలేది అయిదున్నర గంటలు.

హాలులో నిప్పు వెలిగించకూడదు. జ్యోతి ప్రజ్వలనకు బ్యాటరీ దీపాలే. ముగ్గు బియ్యప్పిండితో వేస్తే కార్పెట్‌లోకి దిగుతుంది, నున్నటి నేల మీద కాలు జారుతుంది. కాబట్టి నల్లని ఫోమ్ బోర్డుల మీద చాక్‌పీసులతో ముందే వేసి తెస్తాం. మామిడాకులు ఇండియన్ షాపుల్లో పండుగకు వారం ముందు దొరుకుతాయి. ఊరి నుంచి వచ్చేవాళ్లతో పచ్చి కరివేపాకు తెప్పించకండి. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందని విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

ఇక పచ్చడి. వేపచెట్టు డల్లాస్ చలికి బతకదు, మనకు దిక్కు షాపులో దొరికే ఎండు పువ్వే. గత ఏడాది దాన్ని పొద్దున్నే కలిపేశారు. వడ్డించేసరికి చేదంతా నీళ్లలోకి దిగి మిగతా రుచులను మింగేసింది. 300 మందికి తలా 30 మిల్లీలీటర్ల చొప్పున 9 లీటర్లు కావాలి, 10 లీటర్లకు చేస్తాం. చింతపండు అరకిలో, రెండు లీటర్ల వేడినీళ్లలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టాలి. బెల్లం రెండు కిలోలు విడిగా కరిగించి పల్చని గుడ్డలో వడపోయాలి, లేకపోతే అడుగున ఇసుక తగులుతుంది. మామిడికాయలు మధ్యరకంవి ఆరు, సన్నటి ముక్కలుగా తరగాలి. తురిమితే పులుపు ఒక్కసారిగా ఊరి పచ్చడి నిమిషాల్లో మారిపోతుంది. ఉప్పు, కారం చివర్లో రుచి చూస్తూ వేయాలి. పువ్వు 50 గ్రాములు నూనె లేకుండా దోరగా వేయించి, వడ్డనకు పావుగంట ముందు కలపాలి. చింతపండు పులుపు అల్యూమినియాన్ని తింటుంది, లోహపు రుచి వస్తుంది. స్టీలు గిన్నెలే వాడాలి. అరటిపండు నల్లబడుతుంది కనుక మానేశాం. తెలంగాణ ఇళ్లలో తాగేంత పల్చగా, కోస్తా ఇళ్లలో కాస్త చిక్కగా చేసుకుంటారు. గ్లాసుల్లో పోయడానికి వీలుగా ఈసారి పల్చగానే. చిక్కటిది కావాలన్నవాళ్లకు ఒక చిన్న గిన్నె వేరే ఉంటుంది.

నవమికి పానకం 18 లీటర్లు: బెల్లం మూడున్నర కిలోలు, మిరియాలు 40 గ్రాములు, శొంఠి 60, ఏలకులు 30. వడపప్పుకు పెసరపప్పు మూడు కిలోలు రెండు గంటలకు మించి నానబెట్టొద్దు, వాసన వస్తుంది. ఉప్పు వడ్డించే ముందే వేయాలి, లేకపోతే కీరాముక్కలు నీరు వదిలి గిన్నెంతా పలచబడుతుంది.

ఇళ్లలో వండినవి బహిరంగ కార్యక్రమాల్లో పెట్టడానికి క్యాంపస్ ఒప్పుకోదు. కాబట్టి పచ్చడితో సహా అన్నీ లైసెన్సున్న వంటగదిలోనే, మన సభ్యులు ఇద్దరు దగ్గరుండి చేయిస్తారు. పులిహోరకు బియ్యం 24 కిలోలు. అన్నాన్ని పసుపు, నూనె కలిపి పళ్లేల్లో ఆరబెట్టాకే పులుసు కలపాలి. వేడివేడిగా ట్రేలో కుక్కి రేకు మూస్తే ఆవిరి నీరై ముద్ద కడుతుంది. వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన, పెరుగన్నం 41కి లోపల ఉండాలి. థర్మామీటరు పట్టుకుని గంటకోసారి చూసి రాసే బాధ్యత ఒకరికి అప్పగించాం. ప్రతి ట్రే ముందు చీటీ ఉంటుంది: పులిహోరలో వేరుశనగ, బొబ్బట్లలో గోధుమ, నెయ్యి. డబ్బా ఇంగువలో కూడా తరచుగా గోధుమపిండి కలుస్తుంది. గ్లూటెన్ పడనివాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పాలి, చాలామందికి తెలియదు.

వరుస కదలకపోవడానికి కారణం వంటకాలు కాదు, బల్ల ఒక్కటే ఉండటం. మనిషికి 15 సెకన్లు పట్టినా 300 మందికి 75 నిమిషాలు. ఈసారి రెండు బల్లలు, రెండేసి వైపులా వడ్డన, మొత్తం నాలుగు వరుసలు. ఇరవై నిమిషాల్లో అందరి చేతుల్లో పళ్లేలుంటాయి. నీళ్లూ మజ్జిగా వడ్డన బల్ల మీద కాదు, హాలు అవతలి మూల.

వేదిక మీద అంశం ఆరు నిమిషాలు దాటకూడదు. పాట ఫైళ్లు మార్చి 20 రాత్రికి అందాలి. ఆ రోజు ఫోన్‌లోంచి నేరుగా ప్లే చేయనివ్వం, నోటిఫికేషన్ మోగితే నాట్యం ఆగుతుంది. కూచిపూడి తరంగానికి ఇత్తడి పళ్లెం వాడేవాళ్లు ముందే చెప్పండి. వేదిక పలకల అతుకుల మీద పళ్లెం ఆగిపోతుంది, మధ్యలో ఒకే పలక వచ్చేలా వేయిస్తాం.

హోలీ మార్చి 7 శనివారం, పచ్చిక మైదానంలో. పున్నమి 3వ తేదీనే. ఆ తెల్లవారుజామున 5.04 నుంచి 6.03 వరకు చంద్రుడు సంపూర్ణ గ్రహణంలో ఉంటాడు. పడమర దిక్కు ఖాళీగా ఉన్న పార్కింగ్ పై అంతస్తు నుంచి బాగా కనబడుతుంది, ఓపికున్నవాళ్లు రండి. రంగుపొడి 200 మందికి 35 కిలోలు. గాలిలోకి యంత్రాలతో చిమ్మడం, దగ్గర్లో సిగరెట్ వెలిగించడం నిషేధం. మొక్కజొన్న పిండి పొడి గాలిలో దట్టంగా లేస్తే భగ్గుమంటుంది. 2015 జూన్‌లో తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో రంగుపొడి అంటుకుని 15 మంది ప్రాణాలు పోయాయి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి, జుట్టుకూ చర్మానికీ కొబ్బరినూనె రాసుకుని రండి. తర్వాత పొడిని ముందు పొడిగానే ఊడ్వాలి. నీళ్లు ముందు పోస్తే రంగు కాంక్రీటుకు పట్టేస్తుంది. ఉరుము వినబడితే అందరం లోపలికి; చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలకే తిరిగి బయటికి.

వాలంటీర్లు 28న నలభై మంది కావాలి. అందరి కంటే ముఖ్యం సర్దే జట్టు, పన్నెండు మంది. వీళ్లకు భోజనం మొదటి వరుసలోనే పెట్టి, 7.30కి పని మొదలుపెట్టిస్తాం. పేర్లు ఫిబ్రవరి 20లోగా కార్యదర్శికి ఇవ్వండి. పాసులు మార్చి 2 సోమవారం నుంచి, ఒక్కొక్కరికి రెండు.