మంత్రి గారూ, ట్యాబ్‌లు మూయించే అధికారం మాకివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

క్లాసులో పిల్లలు వాడే ట్యాబ్‌ల విషయమై మేం ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులున్నాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

పరికరాలు వద్దని మేం అనడం లేదు. బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా తలకెక్కని కణ విభజన, కదిలే బొమ్మగా ఒక్కసారి చూపిస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మా బాధంతా ఆ బొమ్మకు ముందూ వెనకా జరిగేదాని గురించే.

పీరియడ్ మొదలవగానే ఒకరు పాస్‌వర్డ్ మర్చిపోతారు. ఇంకొకరికి ఛార్జింగ్ ఉండదు. మరొకరి ట్యాబ్ సరిగ్గా అప్పుడే అప్‌డేట్ మొదలుపెడుతుంది. నేను వంగి ఒకరిది సరిచేస్తుంటే నా వెనక వరసలో ఆట మొదలవుతుంది. బోర్డు దగ్గర నిలబడితే నాకు కనిపించేది ట్యాబ్‌ల వెనక వైపే. గది వెనక్కి వెళ్తే తెరలు కనిపిస్తాయి, పిల్లల ముఖాలు కనిపించవు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో ముఖం చూస్తేనే కదా సార్ తెలిసేది! నా అడుగుల చప్పుడు వినగానే వేలితో ఒక్కసారి జరిపితే చాలు, ఆట పోయి పాఠం వచ్చేస్తుంది. ఆ పిల్లవాణ్ణి తిట్టి ఏం లాభం? పెద్దవాళ్లమే ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాం.

ఇది నా ఒక్క క్లాసు గోడు కాదు. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశదేశాల్లో పరీక్షించే పిసా సర్వే 2022లో జరిగినప్పుడు, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి విద్యార్థుల్లో సగటున 65 శాతం మంది, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల ధ్యాస చెదిరిందన్నారు. 59 శాతం మంది తోటివాళ్ల పరికరాల వల్ల చెదిరిందన్నారు. ఈ రెండో అంకె చూడండి. బుద్ధిగా వింటున్న పిల్ల కూడా పక్కవాళ్ల తెర వల్ల నష్టపోతోంది.

ఇంత జరుగుతున్నా పైనుంచి మమ్మల్ని అడిగేది ఒక్కటే: ఈ వారం ట్యాబ్‌లు ఎన్ని నిమిషాలు వాడారు? నిమిషాలు తగ్గితే సంజాయిషీ. దాంతో మూసేయాల్సిన చోట కూడా, రిపోర్టు టెన్షన్‌తో, తెరిచే ఉంచుతున్నాం. పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగిన వాళ్లు లేరు. మాకిచ్చిన శిక్షణలోనూ ప్యానెల్ (క్లాసులో పెట్టే పెద్ద డిజిటల్ తెర) ఎలా ఆన్ చెయ్యాలో చూపించారు తప్ప, క్లాసు నిండా తెరలున్నప్పుడు పిల్లల్ని పాఠంలో ఎలా నిలపాలో చెప్పలేదు. మాకు కావాల్సింది అదే.

దయచేసి నిమిషాల లెక్క ఆపించండి. టీచర్ తన చోటి నుంచే అన్ని తెరలనూ ఒకేసారి ఆపగల సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, మాకూ ఇప్పించండి. పాస్‌వర్డ్‌లు, రిపేర్లు చూసుకునే మనిషిని పెట్టండి. ఏ పాఠానికి ట్యాబ్ తెరవాలో, ఎప్పుడు మూయాలో మమ్మల్ని నిర్ణయించుకోనివ్వండి.

మా మాట మీద నమ్మకం లేకపోతే ఒక అధికారిని ముందే చెప్పకుండా పంపండి. ఏదో ఒక బడిలో, మామూలు రోజున, ఒక్క పీరియడ్ పూర్తిగా వెనక బెంచీలో కూర్చోమనండి. ఆయన చూసిందే తమకు రాయమనండి. ఈసారైనా జవాబు ఇప్పించండి సార్.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్