రేషన్ షాపు బోర్డు మీది ఫెయిర్

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఆరో తరగతి పాప ఒకతె నా గదికొచ్చి అడిగింది: "మేడం, మా వీధి రేషన్ షాపు బోర్డు మీద ఫెయిర్ ప్రైస్ షాప్ అని ఉంది. ధర తెల్లగా ఎట్టా ఉంటది?"

నవ్వొచ్చింది గానీ తప్పు పాపది కాదు. ఇళ్లలో ఆ మాట వినపడేది ఒంటి రంగు గురించే కదా: "పెద్దది ఫెయిర్, చిన్నదే కాస్త రంగు తక్కువ." పిల్ల ముందే అంటాం, అది వింటోందని కూడా చూసుకోం.

పాత ఇంగ్లీషులో ఫెయిర్ అంటే కంటికి ఇంపైనది. అంతే, రంగు ఊసు లేదు. అక్కడివాళ్లకు తెలుపే అందమనిపించి ఆ అర్థం తర్వాత అంటుకుంది. మచ్చ లేనిది, పక్షపాతం లేనిది అన్న అర్థాలూ అదే మాటకు వచ్చాయి. రేషన్ షాపు బోర్డు మీదిది ఆ న్యాయమైన ధరే. కొట్టివేతలు లేకుండా రాస్తే ఫెయిర్ నోట్సు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కూడా పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. మన నోళ్లలోంచే ఇంకా పోలేదు. (మన తెలుగూ తక్కువేం కాదు. తెల్లటి మనిషిని "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అంటాం!)

సైన్స్ ఫెయిర్‌లోని ఫెయిర్‌కు మాత్రం దీనితో చుట్టరికం లేదు. అది లాటిన్‌లో పండుగ రోజుకున్న 'ఫెరియా' అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పండుగకు జనం చేరితే అంగళ్లు వాటంతటవే వెలుస్తాయి. నెల్లూరు వాళ్లకు ఇది నేను చెప్పాలా? మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూడండి. కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. గట్టు మీదేమో గాజులు, బొమ్మలు, మిఠాయిలు. చదువు రొట్టె కోసం వెతికే తల్లుల్లో మన బడి వాళ్లూ నాకు కనిపించారు.

బస్సు చార్జీ ఫేర్ స్పెల్లింగ్ వేరు. ఏడో తరగతి పేపర్లలో రెండూ కలిపేస్తున్నారు, ఇంట్లో ఓసారి రాయించండి.

మన సైన్స్ ఫెయిర్ వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు. కొనుక్కొచ్చిన మోడళ్లు వద్దు. రిపోర్టు కూడా పిల్లలే ఫెయిర్ చేయాలి. పోయినేడు మూడింటిలో నాన్నల చేతిరాత గుర్తుపట్టాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు