ఆ దయ్యాల పుస్తకం గురించి, గ్రంథాలయం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శనివారం ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలను ప్రజా గ్రంథాలయానికి తీసుకెళ్లి, అందరికీ సభ్యత్వ కార్డులు ఇప్పించాం. తలా రెండు పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నారు. సోమవారం ఉదయం నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. ఏడో తరగతి అబ్బాయి ఒకడు దయ్యాల కథలు తెచ్చాడనీ, చాలామంది బొమ్మల కథలు తప్ప ఇంకేమీ ముట్టలేదనీ, బడి దగ్గరుండి ఇలాంటివి చదివించడమేమిటనీ మీ వాట్సాప్ గ్రూపులో సాగిన చర్చ నా దాకా వచ్చింది. కొందరు పిల్లలకు చెప్పకుండానే ఆ పుస్తకాలు తిరిగి ఇచ్చేసి వచ్చారని కూడా తెలిసింది. అందుకే ఈ నెల లేఖ చాలావరకు దీని గురించే.

మిగతావి ఒక్క మాటలో చెప్పేస్తాను: యూనిట్ పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, గుర్తింపు కార్డుల ఫొటోలు ఇవ్వనివారు ఈ వారంలో ఇవ్వండి, సాయంత్రం బస్సు పది నిమిషాలు ముందుగా బయలుదేరుతుంది.

ఇక ఆ దయ్యాల పుస్తకం. నేను తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. గ్రంథాలయం వారు బాలల విభాగంలో ఆ వయసువారి కోసమే ఉంచిన పుస్తకం అది. అందులో భయం ఉంది, భయాన్ని దాటే ధైర్యం కూడా ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం తెరవని ఆ అబ్బాయి మంగళవారం మధ్యాహ్నం విరామంలో మూడో కథ చెబుతుంటే, చుట్టూ పదిమంది చేరి ఆటకు వెళ్లడం మరిచిపోయారు. నాలుగో కథ చెప్పలేకపోయాడు. అప్పటికే పుస్తకం ఇంట్లో లేదు.

చదివే అలవాటు ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. బడిలో పుస్తకం మేం ఇస్తాం, పరీక్ష మేం పెడతాం, మార్కులు మేం వేస్తాం. గ్రంథాలయంలో పిల్లవాడు అరల మధ్య తిరిగి, నాలుగు పుస్తకాలు తీసి, మూడు పెట్టేసి, ఒకటి చేతిలో ఉంచుకుంటాడు. ఎందుకు తీసుకున్నావని ఎవరూ అడగరు, నచ్చకపోతే సగంలో ఆపినా ఎవరూ తిట్టరు. ప్రతి పాఠకునికి తన పుస్తకం, ప్రతి పుస్తకానికి తన పాఠకుడు అని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రాలుగా చెప్పారు. యునెస్కో 1994 నాటి ప్రజా గ్రంథాలయాల ప్రకటన గ్రంథాలయం చేయవలసిన పనుల్లో మొట్టమొదటిదిగా పేర్కొన్నది చిన్ననాటి నుంచే పిల్లల్లో చదివే అలవాటును కలిగించి బలపరచడాన్నే. బ్రిటన్‌లో 1999 నుంచి వేసవి సెలవుల్లో గ్రంథాలయాలు పిల్లలకు ఒక సవాలు విసురుతున్నాయి: సాధారణంగా ఆరు పుస్తకాలు చదవాలి, ఏవి చదవాలన్నది పిల్లల ఇష్టం. బొమ్మల కథలు, హాస్యం, దయ్యాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పుస్తకాలతోనే బతుకు గడిపిన గ్రంథపాలకులు ఎంపికను పిల్లలకే వదిలేశారు. మనం మాత్రం ఒక్క శనివారానికే బెంబేలెత్తిపోయాం!

ఆ వదిలేయడం వల్ల ఏమవుతుందో మన తొమ్మిదో తరగతి అమ్మాయి చూపించింది. ఆమె మొదట తీసుకున్నది డిటెక్టివ్ నవల. బుధవారం సాయంత్రం తానే వెళ్లి తిరిగి ఇచ్చేసింది. కౌంటర్ దగ్గర గ్రంథపాలకురాలు ఆమెను ఏ తరగతి అనలేదు, ర్యాంకు ఎంత అనలేదు. "ఇందులో నీకు ఏది నచ్చింది?" అన్నారు. వేలిముద్రలతో దొంగను పట్టుకున్న ఘట్టం అని అమ్మాయి చెప్పింది. ఆవిడ లేచి, ఆమెను విజ్ఞానశాస్త్రం అర దగ్గరికి నడిపించుకుని వెళ్లి, నేర పరిశోధన మీద లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. ఇప్పుడు ఆ అమ్మాయి మా జీవశాస్త్రం టీచరును రోజుకో ప్రశ్న అడుగుతోంది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆరో తరగతి అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. తరగతిలో నిలబడి చదవమంటే గొంతు పెగలని పిల్లవాడు. గ్రంథాలయంలో జరిగే కథా సమయంలో చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపించాడు. ఒక మాట దగ్గర తడబడితే, ఎదురుగా కూర్చున్న నాలుగేళ్ల పాప తప్పు పట్టలేదు. చేయి చాచి పేజీ వెనక్కి తిప్పి "మళ్లీ చదువన్నా" అంది. మళ్లీ చదివాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ గ్రంథాలయంలో ఇలాంటి పిల్లలను శిక్షణ పొందిన కుక్కల పక్కన కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టారు, తర్వాత అది చాలా దేశాలకు పాకింది. మధ్యలో ఆపి సరిదిద్దేవారు లేనప్పుడు పిల్లల గొంతు విప్పుకుంటుంది. ఇంట్లో బిడ్డ పైకి చదువుతుంటే ప్రతి మాటకూ అడ్డు తగలకండి, పేజీ పూర్తి కానివ్వండి.

ఇల్లు అన్నాను కాబట్టి మరి కొన్ని విన్నపాలు. కార్డు పోతుందేమోనని బీరువాలో పెట్టి తాళం వేశామని ఒకరు చెప్పారు. మీ జాగ్రత్త అర్థమైంది, కానీ ఆ కార్డు ఉండవలసింది బిడ్డ సంచిలో. పుస్తకం చిరిగితే, గడువు దాటితే ఎలా అన్న బెంగ కూడా వద్దు. ఆ భయమే పేద కుటుంబాలను గ్రంథాలయానికి దూరం చేస్తోందని గ్రహించి, న్యూయార్క్ నగర గ్రంథాలయాలు 2021లో ఆలస్య రుసుమును పూర్తిగా ఎత్తేశాయి. మన పిల్లలకు గడువు గుర్తుచేసే పని మేం చూసుకుంటాం. "దీనివల్ల ఎన్ని మార్కులు వస్తాయి?" అన్న ప్రశ్న పిల్లల ముందు దయచేసి వేయకండి. పిల్లలు ఫోను వదలడం లేదని ప్రతి సమావేశంలోనూ వింటున్నాను. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను: అమ్మ గానీ నాన్న గానీ చేతిలో పుస్తకంతో కూర్చోవడం మీ బిడ్డ చివరిసారి ఎప్పుడు చూసింది? రాత్రి భోజనమయ్యాక అరగంట టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోండి. వార్తాపత్రికైనా సరే.

వచ్చే శనివారం మళ్లీ వెళుతున్నాం. మీరూ రావచ్చు, చాలా సంతోషం. కాకపోతే బాలల విభాగంలో పిల్లల వెనుక నిలబడవద్దు. స్టాక్‌హోంలో పదేళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్లకే ప్రత్యేకించిన గ్రంథాలయం ఒకటి ఉంది, అందులోకి పెద్దవాళ్లను రానివ్వరు. మేం అంత కఠినంగా ఉండబోవడం లేదు. పెద్దల విభాగం పక్క గదిలోనే ఉంది, మీకూ అక్కడే కార్డు ఇస్తారు. వచ్చేవారు శుక్రవారంలోగా క్లాసు టీచరుకు పేరు ఇవ్వండి. ఆ దయ్యాల పుస్తకాన్ని నా పేరు మీద తీసుకుని ఉంచాను. నాలుగో కథ దగ్గర ఆగిపోయిన అబ్బాయి రేపు నా గదికి వచ్చి తీసుకోవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు