ముందు మైకు, తర్వాతే కీబోర్డు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక సంగీతం టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ బడిలో సంగీతం టీచర్ని. ఒక్కో తరగతికి వారానికి ఒక్క పీరియడ్. పరీక్షలు దగ్గర పడితే ఆ ఒక్కటీ లెక్కల సారు అడుగుతారు, ఇచ్చేస్తాను.

"బడుల్లో కంప్యూటర్‌తో సంగీత పాఠాలు" అనే ఫైలు ఇవాళ కాకపోతే రేపు మీ టేబుల్ మీదకి వస్తుంది. రావాలనే నా కోరిక. కొన్నేళ్లుగా నా క్లాసులు సగం మా కంప్యూటర్ ల్యాబ్‌లోనే జరుగుతున్నాయి కాబట్టి, దాని మంచీ చెడూ రెండూ చూశాను. అందుకే సంతకం పెట్టే ముందు నా మాట ఒక్కటి వినమంటున్నాను. పాటలు తయారుచేసే యంత్రం అనుకుని కంప్యూటర్ కొనకండి. పిల్లలు తమను తాము వినడానికి కొనండి. ఏం కొనాలి, ఎన్ని కొనాలి, ఎవరికి శిక్షణ ఇవ్వాలి అన్నవన్నీ దీన్ని బట్టి మారిపోతాయి.

మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. పాడమంటే తల దించుకుంటాడు. గొంతు మారే వయసు, నోరు తెరిస్తే పక్కవాళ్లు నవ్వుతారని భయం. కానీ కాస్త ఖాళీ దొరికితే చాలు, బెంచీ మీద వేళ్లతో దరువు వేస్తూనే ఉంటాడు. దానికి మిగతా టీచర్ల దగ్గర చీవాట్లు కూడా తిన్నాడు. ఒకరోజు ఆ బెంచీ మీదే మైకు పెట్టి, అడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు బటన్ నొక్కి, "ఆపమనేదాకా వాయించు" అన్నాను. అర నిమిషం వాయించాడు. ముందు విన్నాం. బాగానే ఉందన్నాడు. నాకూ బాగానే అనిపించింది. తర్వాత తెర చూశాం. ఒక్కో దెబ్బకీ ఒక్కో నీలం ముల్లు లేచి ఉంది. మొదట్లో ముల్లుకీ ముల్లుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ. చివరికొచ్చేసరికి పెన్సిల్ కూడా పట్టదు. వాడు జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి తెరకి ఆనించి కొలిచాడు. కొలిచి, "మేడమ్, నేను పరిగెడుతున్నా" అన్నాడు.

"లయ పరిగెడుతోంది, పట్టుకో" అని నేను ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. ఇంకొకరు చెబితే వినడం వేరు, తన తప్పు తనకే దొరకడం వేరు. ఆ పూట వాడు ఏడుసార్లు రికార్డు చేసుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, అంతే.

దీనికి అయిన సరంజామా ఏమిటంటే పాత కంప్యూటర్ ఒకటి, తీగ ఉన్న మామూలు మైకు ఒకటి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి. అడాసిటీ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలై 2000లో విడుదలైంది. ఇప్పటికీ పైసా కట్టక్కర్లేదు. కంప్యూటర్ సంగీతం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి, దీనికి ముందటి ఇంకో సంవత్సరం చెప్పాలి. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రామ్‌తో ఐబీఎమ్ 704 అనే పెద్ద కంప్యూటర్ పదిహేడు సెకన్ల సంగీతం వినిపించింది. గదంతా నిండే యంత్రం, పదిహేడు సెకన్లు! ఇవాళ మన బడి ల్యాబ్‌లో దుమ్ము పట్టిన కంప్యూటర్ దానికంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైంది. కొత్తవి కొనేలోపు ఉన్నవాటిని తుడవమని ఒక సర్క్యులర్ ఇచ్చినా మేలే.

రికార్డింగ్ మొదటిసారి విన్న ప్రతి పిల్లా పిల్లవాడూ ఒకటే మాట అంటారు: "ఇది నా గొంతు కాదు". మన గొంతు మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కాబట్టి లోపల బరువుగా ఉంటుంది. రికార్డింగ్‌లో ఆ ఎముకల వాటా ఉండదు. ఇది చెప్పిన రోజు సంగీతం పీరియడ్ కాస్తా సైన్స్ పీరియడ్ అయిపోతుంది. సైన్స్ టీచరు ఏమీ అనుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. శ్రుతి సరిగ్గా ఉందో లేదో సూదితో చూపించే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. అమ్మేవాళ్లకి వాటిని చూపించడం ఇష్టం, చూసేవాళ్లకీ ముచ్చటగా ఉంటుంది. పిల్లలు మాత్రం సూదిని మధ్యలో నిలబెట్టే ఆటలో పడిపోయి చెవి సంగతి మర్చిపోతారు. సూది తీసేస్తే శ్రుతి కూడా పోతుంది. అందుకే మా ల్యాబ్‌లో ఒక నియమం పెట్టుకున్నాం. మొదటిసారి వినేటప్పుడు తెర ఆపేయాలి. ఏం తప్పు జరిగిందో చెవితో పట్టుకుని చెప్పాక, సరిచూసుకోవడానికి తెర వేసుకోవచ్చు.

వినడం అలవాటయ్యాకే సంగీతం కట్టడం. దీనికీ దారి వేసినవాళ్లు ఉన్నారు. 1970లలో ఎమ్‌ఐటీలో సీమోర్ పాపర్ట్ బృందం పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషతో పనిచేస్తున్నప్పుడు, జీన్ బాంబర్గర్ అనే అధ్యాపకురాలు దాన్ని సంగీతానికి వాడారు. ఒక్కో స్వరం ఇచ్చి పేర్చమనకుండా, పాటలోని చిన్న చిన్న పలుకుల్ని, అంటే కొన్ని స్వరాలు కలిసిన తునకల్ని, ముక్కలుగా ఇచ్చి, వాటిని అటూ ఇటూ మార్చి పాట కట్టమన్నారు. పిల్లలు పాటని వినేది స్వరాలుగా కాదు, పలుకులుగా అన్నదే ఆమె పట్టుకున్న కీలకం. మనం ఇంకా విడి స్వరాల నుంచే మొదలుపెడుతున్నాం. సిలబస్ రాసే కమిటీలో ఎవరైనా ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే బాగుండు.

మా పిల్లలకి నేను ముక్కలు పేర్చి ప్రోగ్రామ్ కట్టే స్క్రాచ్‌తో మొదలుపెట్టి, తొమ్మిదో తరగతిలో కోడ్ రాసి సంగీతం వినిపించే సోనిక్ పై చూపిస్తాను. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో శామ్ ఆరన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఇందులో స్వరాలకి అంకెలుంటాయి. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానికొకటి అర్థం కావాలని 1983లో తెచ్చిన మిడి అనే పద్ధతిలోని అంకెలే ఇవి. 60ని సా అనుకుంటే 60, 62, 64, 65, 67, 69, 71, 72 అని రాస్తే సరిగమపదనిస వచ్చేస్తుంది. ఒక అమ్మాయి ఎనిమిది వరసలూ రాసి రన్ కొట్టింది. ఎనిమిది స్వరాలూ కలిసి ఒక్కసారే మీద పడ్డాయి, క్లాసంతా చెవులు మూసుకుంది. స్వరానికీ స్వరానికీ మధ్య కాసేపు ఆగమని చెప్పే 'స్లీప్' రాయలేదు పాపం. రాశాక ఆ పిల్ల అన్న మాట: "అంటే గ్యాప్ కూడా మనమే వాయించాలా మేడమ్?" విరామం గురించి నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఆ ప్రశ్న ముందు దిగదుడుపే.

తర్వాత 65ని 66 చేయమన్నాను. ఒక్క అంకె. మధ్యమం, అంటే 'మ' స్వరం మారింది, శంకరాభరణం రాగం కాస్తా కల్యాణి రాగం అయింది. కాగితం మీద అయితే అయింది. వింటే మాత్రం కల్యాణి అస్థిపంజరంలా ఉంది. ఎందుకని పిల్లల్ని అడిగితే, పాట్లు పడి పాడి చూసి, "మనం జారుతాం, అది మెట్లెక్కుతోంది" అని తేల్చారు. గమకం అంటే, స్వరాన్ని అలా జారుస్తూ ఊపుతూ పలకడం అంటే ఏమిటో కంప్యూటర్ చేతగానితనం వల్ల అంత తేలిగ్గా అర్థమైంది. మిడిలో స్వరాన్ని వంచే ఏర్పాటు లేకపోలేదు. కానీ ఒక గమకాన్ని మౌసుతో గీసి వంచడానికి పట్టే టైములో గొంతుతో యాభైసార్లు పలికించొచ్చు. గళ్ల కాగితంలా కనబడే తెర మీద కూర్చోబెట్టి ఇదే సంగీతం అని చెబితే, గళ్లలో పట్టనిది పిల్లలకి తప్పులా కనిపించే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించడానికి పాడగలిగిన టీచర్ ఒకరు గదిలో ఉండాలి.

ఇక కొనుగోళ్ల సంగతి. ఇది రాస్తుంటే కొంచెం కోపం వస్తుంది, మన్నించాలి. ఒక ఏడాది మా ల్యాబ్‌కి వైర్లెస్ హెడ్‌ఫోన్లు వచ్చాయి. పెట్టెలు చాలా బాగున్నాయి. పిల్లలు మీట నొక్కితే శబ్దం కాసేపటికి వస్తోంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆలస్యం ఉంటుంది. సినిమా చూసేవాళ్లకి పట్టింపు లేదు. నిమిషానికి నూట ఇరవై దెబ్బల వేగంలో దెబ్బకి దెబ్బకి మధ్య ఉండేదే అర సెకను, అందులో ఐదో వంతు సెకను పోతే తాళం ఎక్కడుంటుంది? వారం రోజులు పిల్లలు తప్పు తమదే అనుకున్నారు. ఇద్దరైతే "మాకు తాళజ్ఞానం లేదు" అని వాద్యం వదిలేస్తామన్నారు. తీగ ఉన్న చవక హెడ్‌ఫోన్లు తెచ్చి పెట్టాక సర్దుకుంది. టెండర్ కాగితం రాసేవాళ్లు ఒక్కసారి సంగీతం టీచర్ని అడిగి ఉంటే ఇదంతా తప్పేది.

సాఫ్ట్‌వేర్ కథ ఇంకా అన్యాయం. పెద్ద పేరున్న సరుకు ఒకటి ఏడాది లైసెన్స్‌తో పెట్టి వెళ్లారు. ఏడాది అయింది, రెన్యువల్ ఎవరూ కట్టలేదు. పిల్లలు కట్టిన పాటలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే తెలిసిన ఫైళ్లలో ఇరుక్కుపోయాయి. ఇప్పటికీ మా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, తెరుచుకోవు. దయచేసి ఒక్క షరతు పెట్టండి: పిల్లల పని ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే వేవ్, మిడి లాంటి ఫైళ్లుగా బయటికి రావాలి. అలాగే పిల్లల గొంతులు ఏ కంపెనీ సర్వర్లోకో వెళ్లకూడదు. ఖాతా తెరవకుండా, ఫోన్ నంబరు ఇవ్వకుండా పనిచేసేవి కావాలంటే గూగుల్ వారి క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ ఉంది, చిన్న తరగతులకి అది చాలు.

హెడ్‌ఫోన్ల మాట వచ్చింది కాబట్టి, సౌండ్‌కి హద్దు పెట్టించండి. పిల్లలకైతే 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పిల్లలు మొదటి రోజే వాల్యూమ్ చివరిదాకా తిప్పేస్తారు.

అన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. "సాఫ్ట్‌వేర్ ఉందిగా, సంగీతం టీచర్ పోస్టు ఎందుకు" అని ఎవరో ఒకరు ఫైల్లో రాస్తారు. రాస్తారని నాకు తెలుసు. ఆ వాక్యం కనబడితే కొట్టేయండి. బెంచీ మీద దరువు వేసే పిల్లవాడిని చూసి అల్లరి అనుకోకుండా మైకు తెచ్చి పెట్టే పని ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యదు. అలాగని కంప్యూటర్ టీచర్ నెత్తిన సంగీతం, నా నెత్తిన వైర్లూ పెట్టి వదిలేయకండి. ఇద్దరికీ కలిపి శిక్షణ ఇవ్వండి, రెండు రోజుల తంతులా కాకుండా నెలకో పూట, ఏడాది పాటు. టైంటేబుల్లో రెండు పీరియడ్లు పక్కపక్కన వేయించండి. నలభై నిమిషాల్లో కంప్యూటర్లు ఆన్ చేసి, హెడ్‌ఫోన్ల కోసం తగాదాలు తీర్చేసరికే గంట కొడతారు.

మార్కుల విషయంలోనూ ఒక మనవి. ఇప్పుడు ఒక వాక్యం టైపు చేస్తే పాట మొత్తం చేసిచ్చే ఏఐ యంత్రాలు వచ్చేశాయి. పోయిన టర్మ్‌లో ఒక అబ్బాయి తెచ్చిన పాట విన్న వెంటనే అనుమానం వచ్చింది, అంత నున్నగా మా పిల్లలెవరూ చెయ్యరు. తిట్టలేదు. "ఇందులో నీకు నచ్చని చోటు ఏది?" అని అడిగాను. చెప్పలేకపోయాడు. అప్పటి నుంచి పూర్తయిన పాటకి మార్కులు తగ్గించేశాను. మొదటి రికార్డింగ్, మూడోది, ఆఖరిది పక్కపక్కన వినిపించి, మధ్యలో ఏం మార్చావు, ఎందుకు మార్చావు అని అడుగుతాను. మార్కులు ఆ జవాబుకే. పోటీలు పెట్టి బహుమతులిచ్చే ఆలోచన మీకుంటే, పాటతో పాటు ఆ చిత్తు రికార్డింగులు కూడా పంపమనండి.

వీటిలో డబ్బు ఎక్కువ అడిగింది ఒక్కటీ లేదని మీరు గమనించే ఉంటారు. బడికి నాలుగు మంచి మైకులు, తీగ ఉన్న హెడ్‌ఫోన్లు, ఒక్క హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి ఇద్దరు వినే చిన్న స్ప్లిటర్లు. ఆ స్ప్లిటర్ల గురించి ఎవరూ రాయరు గానీ, ఇద్దరు పిల్లలు ఒకే శబ్దం వింటూ వాదించుకోవడం కంటే మంచి సంగీతం క్లాసు నేను చూడలేదు.

బెంచీ దరువు అబ్బాయి రికార్డింగ్ ఈ లేఖతో పంపుదామనుకున్నాను. వాడి అనుమతి లేకుండా పంపడం బాగుండదని అడిగాను. ఇప్పుడు ఆ దరువు మీద పొడుపు కథొకటి పాటలా చెబుతున్నాడు, తన గొంతుతోనే. ఫైలు పేరు "బెంచీ 23". "వద్దు మేడమ్, మూడో చోట ఇంకా పరిగెడుతున్నా, అది సర్దాక పంపుదాం" అన్నాడు.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ప్రభుత్వ బడి సంగీతం టీచర్