కాలేయ రోగులకు ఆరు నెలల స్కానింగ్ గుర్తు చేసేదెవరు?

సంపాదకుడు గారికి,

కాలేయంలోని చిన్న క్యాన్సర్ కణితిని కడుపు కోయకుండా, చర్మం మీదుగా సన్నని సూది దింపి వేడితో మాడ్చివేసే అబ్లేషన్ చికిత్స హైదరాబాద్‌కు కొత్తది కాదు. ఆ చికిత్స మా అన్నయ్యకు అందకపోవడానికి కారణం యంత్రాల కొరతో, డబ్బు ఇబ్బందో కాదు; వేళకు ఒక అల్ట్రాసౌండ్ తీయకపోవడం.

రక్తదానానికి వెళ్లినప్పుడు ఆయనకు హెపటైటిస్-బి ఉన్నట్టు బయటపడింది. కొన్నేళ్లకు కాలేయం గట్టిపడి సిర్రోసిస్‌గా మారిందని నగరంలోని ఒక ఆసుపత్రిలో చెప్పి మందులు రాశారు. ఆ మందులను ఆయన ఒక్క పూట కూడా మానలేదు. కానీ సిర్రోసిస్ ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు ఉంటుందని, అందుకే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించుకోవాలని చీటీ మీద రాసినవారు గానీ, నోటిమాటగానైనా చెప్పినవారు గానీ లేరు. మూడేళ్లు గడిచి, ఆకలి చచ్చిపోయి, కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలయ్యాక తీసిన సీటీలో కణితి 7 సెంటీమీటర్లు ఉంది. పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి కూడా పాకింది. ఫిల్ములు చాలాసేపు చూసిన రేడియాలజీ డాక్టరు, "రెండు మూడు సెంటీమీటర్లప్పుడు వచ్చి ఉంటే సూదితో ప్రయత్నించేవాళ్లం అమ్మా" అని మా వదినతో అన్నారు.

ఆ మాటలోని నిజం నాకు తర్వాత అర్థమైంది. సూది కొన చుట్టూ వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కణాలు దాదాపు వెంటనే చనిపోతాయి. అయితే కణితి ఒక్కటే మాడితే చాలదు, దాని చుట్టూ కనీసం అర సెంటీమీటరు మేర మంచి కాలేయం కూడా మాడాలి. 3 సెంటీమీటర్ల లోపు కణితికి ఈ చికిత్స బాగా ఫలిస్తుంది. అంతకు మించి పెరిగేకొద్దీ అంచుల్లో బతికిన కణాలు మిగిలిపోయే ముప్పు ఎక్కువ. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే అందులో పారే రక్తమే వేడిని లాగేసుకుంటుంది. కణితి చిన్నగా ఉన్న దశలో రోగికి సాధారణంగా పైకి ఏ బాధా ఉండదు కనుక, దాన్ని పట్టి ఇచ్చేది ప్రధానంగా స్కానింగే.

దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారైన) హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చింది ఈ నగరంలోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థే. టీకా అందకముందే వైరస్ సోకిన మా అన్నయ్య తరానికి మాత్రం మందులు, క్రమం తప్పని స్కానింగే దిక్కు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచడం ఎంతో మేలైన పని. అయితే చికిత్స ఫలించే దశలోనే జబ్బును కనిపెట్టడం మీద అంతకన్నా శ్రద్ధ అవసరం.

పసిపిల్లల టీకా కార్డు మీద తర్వాతి తేదీ ఉంటుంది. ఆ రోజు తల్లి రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అడుగుతుంది. సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ, అది లేకున్నా క్యాన్సర్ ముప్పు ఉందని డాక్టరు తేల్చిన హెపటైటిస్-బి రోగులకూ అటువంటి కార్డే ఇచ్చి, బస్తీ దవాఖానాల ద్వారా ఆరు నెలలకోసారి ఫోన్ చేసి పిలిపించి, కణితి అనుమానం వస్తే ఆలస్యం లేకుండా కాంట్రాస్ట్ సీటీకి (కణితి స్పష్టంగా కనబడేలా రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్‌కు) పంపే ఏర్పాటు చేయవలసిందిగా రాష్ట్ర ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్